కమల మేడం ఎర్ర వైను

మొన్న ఆదివారం ఖమ్మంలో మా పై వాటాలో ఉండే దంపతులు పెళ్లిరోజు భోజనానికి పిలిచారు. ఎర్ర వైను సీసా బిరడా తీయగానే వాసన గదంతా పరుచుకుంది. బాగా మగ్గిన నేరేడు పళ్ళు, నలిపిన మిరియాలు, ఎండిన చెక్క కలిస్తే వచ్చే వాసన. అందరూ నవ్వుతూ మాట్లాడుకుంటున్నారు. నేను గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడ్డాను. ఆ వాసన గురించి చెప్పుకోవడానికి నాకున్న ఒకే ఒక్క మనిషి కమల మేడం. ఆవిడ ఇప్పుడు లేరు.

మాది మధిర. నా భర్త చనిపోయిన ఏడాదే భద్రాచలంలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరాను. ఆ ఊళ్ళో నాకెవరూ తెలియదు. డ్యూటీ అయ్యాక గదికి వెళ్లి, గిన్నెలోనే అన్నం, పచ్చడి కలుపుకుని పొయ్యి దగ్గరే నిలబడి నాలుగు ముద్దలు మింగేదాన్ని. కమల మేడం అక్కడ పెద్ద డాక్టరు. బొగ్గుగని కార్మికుడి కూతురు, పెళ్లి చేసుకోలేదు, మాట కరుకు. ఒకరోజు మందుల గది తాళంచెవి కోసం వచ్చి, నన్ను అలా చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏంది నీరజా, నిలబడి తింటున్నవ్? ఎవరన్న తరుముతున్నరా?"

"ఒక్కదాన్నే కదా మేడం. కూర్చుని వడ్డించుకోవడం ఎందుకని..."

"ఒక్కదానివైతే మనిషివి కావా? ఆదివారం మా ఇంటికి రా."

వెళ్లాను. మేక మాంసాన్ని మిరియాలతో సన్నసెగ మీద, నీరంతా ఇగిరి కొవ్వు మెరిసేదాకా వేపుతున్నారు. పక్కనే ఎర్ర వైను. రెండు మూడు రకాల ద్రాక్షలు కలిపి చేసిన ఘాటైన రకం. పుణెలో చదువుకునేటప్పుడు అలవాటైందట, ఆదివారం ఒక్క గ్లాసు. భయంభయంగా పెదవి తడుపుకున్నాను. పచ్చి వక్క నమిలినట్టు నాలుక పొడిబారింది.

"ఒట్టిగ తాగితే గట్లనే ఉంటది. ముందు కొవ్వున్న ముక్క నములు. ఇప్పుడు తాగు."

నిజంగానే ఆ వగరు మెత్తబడింది, మాంసం రుచి పెరిగింది. గోంగూర వండితే పులుపు ఈ వైనుతో కొట్లాడుతుందని, పప్పుచారు దీని ముందు తేలిపోతుందని, మాంసం లేనినాడు కాల్చిన వంకాయలో నువ్వుల పొడి కలిపితే చాలని చెప్పారు. తర్వాతి ఆదివారాలన్నీ అలాగే గడిచాయి. ప్రతి ముద్దకీ "ఎట్లుంది?" అని అడిగేవారు. "బాగుంది" అంటే ఒప్పుకునేవారు కాదు. "బాగుందంటే ఏంది? సరిగ్గ చెప్పు." భర్త పోయాక నన్ను అలా అడిగిన మొదటి మనిషి ఆవిడే.

ఈ సంగతి ఊళ్ళో పొక్కింది. ఒక ఆదివారం మేము తింటుండగానే ఇంటి ఓనరు వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"దేవుడున్న ఊరు మేడం. ఆడమనిషి ఇంట్ల సీసాలేంది? నలుగురు నన్నడుగుతున్నరు. కనబడకుంట తాగితే నాకేం లేదు."

"అవ్, తాగుత. దాచుకునే పనేం చేస్తలేను. ఇల్లు కావాల్నంటే చెప్పు, ఖాళీ చేస్త."

అతను తల దించుకుని "ఖాళీ చెయ్యుండ్రి" అన్నాడు. ఆ వారమే మేడం ఆసుపత్రి వెనక ఒంటి గదిలోకి మారిపోయారు. అంతకుముందు పండగలకు పిలిచేవాళ్లు పిలవడం మానేశారు. ఆదివారాలు మేమిద్దరమే మిగిలాం. సామాను సర్దిన రోజు ఆవిడ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. చూడనట్టే గిన్నెలు మోశాను.

తర్వాత నాకు ఖమ్మం బదిలీ అయింది. ఆవిడ రిటైరై, తండ్రి కట్టుకున్న చిన్న ఇంటికి వెళ్లిపోయారు. గొంతులో క్యాన్సర్ అని తెలిసి పరుగెత్తుకుని వెళ్లాను. రేడియేషన్ కరెంటు పెట్టడంతో నాలుకకు రుచి పోయిందన్నారు. జావ కూడా మట్టిలా ఉందట.

"నువ్వు వండు. నువ్వే తిను, తాగు. ఎట్లుందో నాకు చెప్పు."

మాంసం వండి ఆవిడ మంచం పక్కన కూర్చున్నాను. ఒక ముక్క నమిలి, ఒక గుక్క తాగాను. ఆవిడ ఎదురుచూస్తున్నారు.

"ముందు నేరేడు పండు మేడం. తర్వాత కొంచెం పొగ వాసన. కొవ్వు తగిలాక వగరు పోయింది, అడుగున తీపి ఉంది. మిరియం గొంతులో నిలిచింది."

ఆవిడ కళ్ళు మూసుకుని నాలుక మెల్లగా కదిపారు.

"మిరియాలు జర ఎక్కువేసినవ్ కదా?"

"అవును మేడం."

"నీ చెయ్యి నాకు తెల్వదా?" అని నవ్వారు. నేను ఏడుస్తూనే చివరి ముక్కదాకా చెబుతూ తిన్నాను. వానలు మొదలవకముందే ఆవిడ పోయారు.

అప్పటినుంచి మొదటి ముద్ద తినగానే ఎలా ఉందో పైకి చెప్పడం నాకు అలవాటైపోయింది. నిన్న మధ్యాహ్నం చిక్కుడుకాయ కూర తింటూ, "గింజ లేతగా ఉంది, కారం సరిపోయింది, ఉప్పే ఒక పిసరు తగ్గింది" అన్నాను. ఇంట్లో ఎవరూ లేరు. అయినా ఊరికే బాగుందని అనలేకపోయాను.