గాలి తెలిసిన చిన్నతల్లి

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఏసీలు బాగుచేసే కొట్టు నాది. పేరు మోహనకృష్ణ. నా నోరు కొంచెం దురుసని మా ఆవిడ అంటుంది. కొంచెం అనడం ఆవిడ మంచితనం. ఊళ్ళో ఏసీలు బాగుచేసేవాళ్ళు వీధికొకరున్నారు గానీ, డక్టులు శుభ్రం చేసే యంత్రం మా వీధుల్లో నా ఒక్కడి దగ్గరే ఉంది. డక్టంటే తెలియనివాళ్ళకి చెబుతున్నాను. ఒకే పెద్ద ఏసీ పెట్టి, సీలింగు పైన రేకు గొట్టాలు పరిచి, గదిగదికీ చల్లగాలి పంపిస్తారు. ఆ గొట్టాల్లో దుమ్ము పేరుకుంటుంది. మన సముద్రపు చెమ్మకి ఆ దుమ్ము తడిసి బూజు పడుతుంది. నా యంత్రానికి గిరగిరా తిరిగే బ్రష్షుంది, దుమ్ము లాగే గొట్టముంది, పాములా లోపలికి దూరే కెమెరా ఉంది. అది వచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టి, ఇక గాలి సంగతి నాకు తెలిసినట్టు ఈ జిల్లాలో ఎవడికీ తెలీదనుకున్నాను. ఆ పొగరు దింపింది మా కొట్టు వెనక కుళాయి దగ్గర కూర్చుని ఫిల్టర్లు కడిగే చిన్నతల్లి.

నాలుగేళ్ళ కిందట పని కావాలని వచ్చింది. యాభై అయిదేళ్ళుంటాయి. సన్నటి మనిషి. ఊరు పొందూరు. భర్త గంగులు పోయి అప్పటికి మూడు నెలలయిందట. నీకేం పని వచ్చని అడిగాను.

"గాలి తెలుసు బాబూ," అంది.

నవ్వేశాను. గాలి తెలిసినవాళ్ళు కావలసింది వాతావరణం ఆఫీసు వాళ్ళకి, అక్కడికి వెళ్ళమన్నాను. ఆమె నవ్వలేదు, కదలనూ లేదు. చివరికి నాకే విసుగొచ్చి ఫిల్టర్లు కడగమన్నాను.

మొదటి వారంలోనే ఒక గొడవైంది. ఏసీ లోపల కాగితంలాంటి రేకులు వరసగా ఉంటాయి. వాటి మధ్య ఇరుక్కున్న నలుసు తియ్యడం చచ్చే చావు, బ్రష్షు గట్టిగా పడితే వంగిపోతాయి. చిన్నతల్లి తన సంచిలోంచి ఏదో ఎముక తీసి దాంతో రేకులు దువ్వుతోంది. అదేమిటంటే వాలుగ చేప దవడట. పొందూరులో పత్తిని ఆ దవడ పళ్ళతోనే దువ్వుతారు. నా కొట్లో చేపల బజారేమిటని కేకలేశాను. మధ్యాహ్నానికి ఆ రేకులు ఒక్కటీ వంగకుండా కొత్తవాటిలా నిలబడి ఉన్నాయి. నోరు మూసుకున్నాను. అది నాకు అరుదైన సంగతి. ఆ రోజు నుంచి ఆమెని అప్పా అని పిలుస్తున్నాను. మా వైపు అక్కని అలాగే అంటాం.

టీ తాగే వేళల్లో ఆమె కథ ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఎనిమిదో ఏట రాట్నం ముందు కూర్చుందట. నూరో నంబరు నూలు వడికేది. అది ఎంత సన్నమంటే ఎదురుగా చూస్తే కంటికి ఆనదు, వెలుతురు పక్క నుంచి పడితేనే ఉందని తెలుస్తుంది. దువ్విన పత్తిని ఏకులుగా చుట్టి వడుకుతారు. దానికి చిన్న గాలి తగిలినా ఎగిరిపోతుంది, పోగు తెగిపోతుంది. అందుకని వడికే గదికి కిటికీలు మూసేవారు. మండు వేసవిలో కూడా ఫ్యాను లేదు. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కేవారు, పెంకుల కింద మట్టి మెత్తేవారు.

"ఏ సందులోంచి ఏ వేళకి గాలొస్తాదో మాకు తెలాల బాబూ. తెల్దంటే ఆ పూట కూడు నేదు," అంది ఒకసారి. నేను టీ గ్లాసు పక్కన పెట్టి, అవునా అని, నా పనిలో పడిపోయాను.

రాట్నం మానేసినా ఒక పోగు మాత్రం ఆమె దగ్గర ఎప్పుడూ ఉండేది. వెదురుపుల్లకి చుట్టి కొంగున ముడేసుకునేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

పోయిన శ్రావణంలో పద్మకుమారి గారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. అది మూడోసారి. కోటకి దగ్గర్లో వాళ్ళది పాత మేడ. దూలాలు, సున్నపు గోడలు, ఏనుగు నడిచేంత ఎత్తు గదులు. వాళ్ళు కొనకముందు అందులో ఏదో ఫైనాన్సు కంపెనీ అద్దెకుండి, ఫాల్స్ సీలింగు వేసి, డక్టులు పెట్టి, ఖాళీ చేసి పోయింది. ఉన్నది తీసెయ్యడం ఎందుకని వీళ్ళు అలాగే వాడుకుంటున్నారు. ఆ ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచి వాళ్ళ తొమ్మిదేళ్ళ పాప యమునకి ఆయాసం మొదలైంది. మందులు వాడుతున్నా వానాకాలం వస్తే పిల్ల పడుకోలేదు. రెండు దిండ్లకి ఆనుకుని కూర్చునే నిద్రపోతుంది. ఇంట్లో చెమ్మా బూజూ పోకపోతే పాపని వేరే చోట ఉంచండని డాక్టరు చెప్పేశాడు. రాజాంలో పెద్దమ్మ ఉంది. ఆదివారం పెదనాన్న కారులో వచ్చి తీసుకుపోతాడు, ఇక చదువూ అక్కడే. బడి నుంచి సర్టిఫికెట్ కూడా తెచ్చేశారు.

అప్పటికి రెండుసార్లు ఆ డక్టులు శుభ్రం చేశాను. బుధవారం పొద్దున్న మూడోసారి వెళ్ళాను. నిచ్చెన పట్టుకునే మనిషి లేక చిన్నతల్లిని వెంట తీసుకెళ్ళాను. వీధి తలుపు పక్కనే పాప బట్టల సంచి సర్ది పెట్టి ఉంది. యమున మంచం మీద కూర్చుని చిన్నతల్లిని పేరడిగింది. మూడు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది.

డక్టుల్లోకి కెమెరా పంపి, తెర పద్మకుమారి గారికి చూపించాను. లోపల అద్దంలా ఉంది.

"మీ టీవీలో బాగానే ఉందండీ," అంది ఆవిడ. "మా పిల్ల లోపలే బాగోలేదు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. నా పని నేను చేశాను, లోపం ఇంట్లో లేదు, మీ పాపలోనే ఉందేమో చూపించుకోండి అన్నాను. అన్న మరుక్షణం నాలుక కోసుకోవాలనిపించింది. ఆవిడ వీధి తలుపు దాకా వెళ్ళింది. పాప సంచి మీద చెయ్యి వేసి నిలబడిపోయింది.

అప్పుడు నిచ్చెన దగ్గర్నుంచి చిన్నతల్లి, ఫ్యాన్లు ఆపి, తలుపులన్నీ వేసి, ఒక్క ఏసీ మాత్రం ఉంచమంది. కొంగు ముడి విప్పి, వెదురుపుల్ల నుంచి జానెడు పోగు వదిలింది.

తర్వాత చూసింది ఎలా చెప్పాలో నాకింకా సరిగ్గా తెలియదు. ఆమె ఆ పుల్లని దీపం పట్టుకున్నట్టు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, గోడ వెంబడే అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. పోగు కనబడదు, దాని మీద వెలుగు మాత్రం కనబడుతుంది. గాలి వచ్చే జాలీల దగ్గర కిందికి వాలింది. హాల్లో గాలిని వెనక్కి లాక్కునే పెద్ద జాలీ దగ్గర లోపలికి సాగింది. అంతా ఉండవలసినట్టే ఉంది. యమున మంచం దిగి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

హాలు మూలన, జాలీ లేని చోట, ఫాల్స్ సీలింగు పాత గోడని తాకేచోట గోరంత సందుంది. నిచ్చెనెక్కి చిన్నతల్లి పుల్లని అక్కడికి ఎత్తింది. వేలాడుతున్న పోగు నెమ్మదిగా తల తిప్పి, నిటారుగా లేచి, ఆ సందులోకి దూరింది.

"ఇక్కడ గాలి పైకెల్తన్నాది. ఎల్లగూడదు గదా బాబూ?" అంది.

నిజమే, వెళ్ళకూడదు. అక్కడ గాలిని లాగేది ఏదీ లేదు. ఉందంటే సీలింగు పైన ఎక్కడో గాలిని వెనక్కి లాక్కునే గొట్టం ఊడిపోయి, తాగకూడని గాలి తాగుతోందన్నమాట.

సీలింగు పలక ఒకటి ఊడదీశాను. ముక్కిన వాసన గుప్పున ముఖాన కొట్టింది. లైటు వేసి చూస్తే పైన ఇంకో ఇల్లున్నట్టుంది. ఆ మేడ కట్టినవాళ్ళు కప్పు కింద నాలుగు గవాక్షాలు పెట్టారు. ఫైనాన్సు వాళ్ళు వాటిని ఇటుకలతో మూసేశారు. దూలాలకీ గోడలకీ వేలెడు మందాన నల్లటి బూజు. ఎన్ని వానాకాలాల చెమ్మో అక్కడే మగ్గిపోతోంది. గాలిని వెనక్కి తీసుకుపోయే రేకు పెట్టె అతుకు దగ్గర విడిపోయి, నోరు తెరుచుకుని ఉంది. ఏసీ వేసినప్పుడల్లా ఆ బూజు గాలి లాక్కుని, నేను అద్దంలా తోమిన గొట్టాల గుండా తిన్నగా పాప మంచం మీదికి పంపిస్తోంది. నా కెమెరా గొట్టాల్లోకే చూసింది. ఆ పెట్టె వెనక్కి చూడాలని నాకు తోచలేదు. ఇల్లలకగానే పండగ కాదని మా అమ్మ వెయ్యిసార్లు అని ఉంటుంది.

నిచ్చెన దిగి పద్మకుమారి గారికి తప్పు నాదని చెప్పాను. పాపని పక్కింట్లో ఉంచి, ఆ మధ్యాహ్నమే పని మొదలుపెట్టాం. సీలింగంతా పీకేశాం. ముక్కులకి మాస్కులు కట్టుకుని బూజు గీకాం, గోడలకి సున్నం వేశాం. రేకు పెట్టె అతికి టేపు వేశాం. మేస్త్రీని పిలిచి గవాక్షాల ఇటుకలు తీయించాను.

గురువారం తూర్పు గవాక్షం, దాని ఎదుట పడమటిదీ తెరుచుకున్నాయి. చిన్నతల్లి హాలు మధ్యలో నిలబడి పోగు ఎత్తింది. ఏసీ లేదు, ఫ్యాను లేదు. పోగు తూర్పు నుంచి పడమటికి సాగి అలా నిలబడింది. ఇన్నేళ్ళు గొంతు నొక్కేసిన ఇల్లు ఊపిరి తీసుకుంటోంది. ఇరవై ఏళ్ళుగా గాలితోనే బతుకుతున్నాను, గాలిని కళ్ళతో చూసింది మాత్రం అదే మొదటిసారి. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు. నేను తాడిని తన్ననూ లేదు, ఊరికే దాని నీడలో నిలబడి బడాయి పోయాను.

ఆ రోజు అన్నాలు తింటూ, రాట్నం ఎందుకు మానేశావప్పా అని అడిగాను. ఇన్నాళ్ళకి అడిగాను. ఆమె క్యారేజీ మూత పెట్టేసింది.

"మాయన ఆయాసం మనిసి బాబూ. మాదొకటే గది. నూలు తెగిపోద్దని నాను తలుపులు మూసీసేదాన్ని. ఆ మూల కూకోని ఆయన దగ్గేవోడు. కాసేపు తలుపు తియ్యే అనీవోడు. ఈ ఏకు అయిపోనీ అనీదాన్ని." కొంగు ముడి తడుముకుంది. "ఆకరి నెల్లాళ్ళూ ఈ పోగే ఆయన ముక్కుకాడ ఎట్టి సూసీదాన్ని, ఊపిరి ఉన్నాదా నేదా అని. ఎగుడూ దిగుడూ ఆడీది. ఒకనాడు ఆగిపోనాది. అప్పుడు తలుపులు తీసినాను."

నా డబ్బాలో ఉన్న చేప ముక్క ఆమె క్యారేజీ మూత మీద పెట్టాను. ఆమె తినలేదు, వద్దనీ అనలేదు.

శనివారం యమునని ఇంట్లోకి తెచ్చుకున్నారు. మందులు మానవద్దని నేనే చెప్పాను. నాది గాలి పనే గానీ వైద్యం కాదు. ఆదివారం మధ్యాహ్నం చిన్నతల్లి మా ఇంటికొచ్చి, ఒకసారి పోయి సూసొద్దాం బాబూ అంది. స్కూటరు మీద తీసుకెళ్ళాను.

పద్మకుమారి గారు తలుపు తీసి, చప్పుడు చెయ్యొద్దని సైగ చేసింది. ఆవిడ ముఖంలో సంతోషం కంటే భయమే ఎక్కువగా ఉంది, గట్టిగా అంటే చెదిరిపోతుందేమో అన్నట్టు. గదిలో యమున వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. రెండు దిండ్లూ నేల మీదున్నాయి. సంచి మాత్రం వీధి తలుపు పక్కనే ఉంది. పెదనాన్న దారిలో ఉన్నాడట.

చిన్నతల్లి మంచం పక్కన నేల మీద కూర్చుంది. కొంగు ముడి విప్పి, పోగు వదిలి, పాప ముక్కు దగ్గర పెట్టింది.

పద్మకుమారి గారు ఉలిక్కిపడి ముందుకొచ్చింది. ముక్కు దగ్గర దూదీ నూలూ పెట్టి చూసేది ఎవరికో మనకందరికీ తెలుసు. నేను కూడా గొంతు తగ్గించి, అదేం పనప్పా, తియ్యి అన్నాను. ఆమె తియ్యలేదు. రెండో చెయ్యి ఎత్తి, చూడమంది.

పోగు వెళ్ళింది. వచ్చింది. వెళ్ళింది, వచ్చింది. ఎక్కడా తడబడలేదు. కిటికీలోంచి పడుతున్న వెలుగులో ఆ సన్నటి గీత మా ముగ్గురి ముందూ ఊయలూగింది. చూస్తూ చూస్తూ నా ఊపిరి కూడా దాని వెంట నడవడం మొదలైంది.

"ఇలగే ఉండాల," అంది చిన్నతల్లి. "ఆయనకి ఒక్కనాడూ ఇలగ రానేదు."

పద్మకుమారి గారు ఆమె పక్కనే నేల మీద కూలబడి, చెయ్యి చాపింది. చిన్నతల్లి వెదురుపుల్లని ఆ చేతిలో పెట్టింది. ఇప్పుడు తల్లి పట్టుకుని చూస్తోంది. వీధిలో కారు ఆగిన చప్పుడు వినబడింది. పెదనాన్న రెండుసార్లు హారను కొట్టాడు. సంచి తియ్యడానికి ఎవరూ లేవలేదు.