సవరంతో చేయించిన ఉంగరం

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు ఇది రాయగలుగుతున్నాను. ఏళ్ల తరబడి గుండెల మీద ఒక బరువు మోస్తున్నాను. మా ఆయనకి తెలీదు. చర్చిలో మోకరించినప్పుడు పెదాల దాకా వచ్చి ఆగిపోతుంది. దేవుడికి ఎలాగూ తెలుసు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. తెలిసినవాడికి చెప్పడానికి అంత భయమెందుకో మాత్రం ఆలోచించను.

విశాఖపట్నంలో ఉంగరాలు డిజైన్ చేస్తాను. ద్వారకానగర్‌లో ఒక సందులో, మేడ మీద చిన్న షాపు. యజమాని వేరే, నేను పనిచేసేదాన్ని. ల్యాబ్‌లో పెంచిన వజ్రాల గురించి అప్పుడప్పుడే మా ఊళ్లో జనానికి తెలుస్తోంది. పెళ్లి కుదిరిన జంటలు ఫోన్లో బొమ్మలు పట్టుకుని వచ్చేవారు. ఇది గనిలో తవ్వింది కాదు, యంత్రంలో పెంచింది, అయినా వజ్రమే అని ప్రతివాళ్లకీ వివరంగా చెప్పాల్సి వచ్చేది. రాయి దగ్గర్నించీ అంతా మీకు నచ్చినట్టే చేయించుకోవచ్చు అనేసరికి వాళ్ల మొహాలు మారిపోయేవి. ఆ మొహాల కోసమే ఆ పని ఇష్టపడ్డాను. ఇప్పుడది చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది.

అతను ఒక్కడే వచ్చాడు. అప్పలనాయుడు అనుకోండి, అసలు పేరు చెప్పను. పద్మనాభం నుంచి రోజూ బస్సులో వచ్చి పోర్టులో క్రేన్ నడిపేవాడు. చేతిలో పాలిథిన్ కవరు, అందులో ఒక సవరం. వాళ్లమ్మ తల దువ్వుకున్నప్పుడల్లా రాలిన వెంట్రుకలు దాచుకుని దాచుకుని కట్టించుకున్న సవరం. ఆవిడ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. కోడలి వేలికి ఉంగరం తన చేత్తోనే తొడుగుతానని అంటూ ఉండేదట. జుట్టులోంచి కార్బన్ తీసి దాంతో వజ్రం పెంచుతారని ఎవరో చెబితే, వెతుక్కుంటూ మా దగ్గరికి వచ్చాడు. ఆ సవరం కోసం వాళ్లక్కతో పెద్ద గొడవైందనీ, అమ్మ గుర్తుగా తన దగ్గరే ఉండాలని ఆవిడ పట్టుబట్టిందనీ, ఇతను తీసుకొచ్చేసరికి మాట్లాడటం మానేసిందనీ కూడా చెప్పాడు. సూరత్‌లో ఒక ల్యాబ్ ఆ పని చేస్తుందని నాకు తెలుసు. మేమెప్పుడూ చేయించలేదు. అయినా చేయిస్తానని మాటిచ్చాను.

చనిపోయినవాళ్ల జుట్టు షాపులో ఉంచొద్దని మా యజమాని విసుక్కున్నాడు. తప్పు ఆయన మీదికి నెట్టేయడం తేలిక. నిజం చెప్పాలంటే నాకూ ఒంటికి ఏదోలా అనిపించింది. కవరు మూతి కూడా సరిగ్గా కట్టకుండా, రెండు వేళ్లతో పట్టుకెళ్లి వెనక బాల్కనీ గోడ మీద పెట్టాను. మర్నాడు పార్సిల్ చేద్దామనుకున్నాను. మర్నాడు ఎవరో పెళ్లివారొచ్చారు. తర్వాత ఆదివారం. వాయుగుండం పట్టి వాన. సోమవారం వెళ్లి చూస్తే బాల్కనీ శుభ్రంగా కడిగేసి ఉంది. తడిసి ముద్దయి వాసనేస్తోందని ఊడ్చే ఆవిడ ఆ కవరు చెత్తబండిలో వేసేసింది. సందు చివరిదాకా పరిగెత్తాను. బండి ఎప్పుడో వెళ్లిపోయింది.

ఆ రోజే అతనికి ఫోన్ చేసి ఉంటే? తిట్టేవాడు. ఏడ్చేవాడేమో. మహా అయితే నా ఉద్యోగం పోయేది. అంతకంటే ఏమయ్యేది? ఇన్నేళ్లుగా ఈ ప్రశ్న వేసుకుంటూనే ఉన్నాను. అప్పుడు మాత్రం వేసుకోలేదు.

అతనే ఫోన్ చేశాడు. పంపించేశానన్నాను. నోటికి వచ్చిన మొదటి మాట అదే. ఆ తర్వాత నెలల పాటు అతను అడిగినప్పుడల్లా కార్బన్ తీశారట, యంత్రంలో పెట్టారట, రాయి పెరుగుతోందట అని చెబుతూ వచ్చాను. ఆ వివరాలన్నీ ఇంటర్నెట్‌లో చదివి చెప్పినవి. జుట్టుతో చేసిన రాళ్లకి ఒక్కోసారి కాస్త పసుపు చాయ ఉంటుందని కూడా అక్కడే చదివాను. మామూలు ల్యాబ్ రాళ్లలోంచి పసుపు చాయ ఉన్నదే ఏరి తెప్పించాను. సవరం పోవడం నా అజాగ్రత్త అనుకోండి. మరి ఇదేమిటి? లెన్స్ కన్నుకి ఆనించుకుని, ఏ రాయి అయితే ఇతను నమ్ముతాడు అని నిదానంగా ఎంచినది నేను కాదూ?

ఉంగరం తీసుకోవడానికి డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. చేతులు కడుక్కుని వస్తానని వెళ్లి, చొక్కాకి తుడుచుకుంటూ వచ్చి, అరచేయి చాపాడు. ఉంగరం అందులో పెట్టాను. చాలాసేపు చూశాడు.

"ఇది మా అమ్మేనా మేడమ్?"

చెప్పడానికి దేవుడిచ్చిన చివరి అవకాశం అదేనేమో. నాకు తెలుస్తూనే ఉంది.

"మీ అమ్మగారేనండి," అన్నాను.

"నాను తెల్లగుంటాదనుకున్నాను. పసుపచ్చగుందేటి?"

"జుట్టుతో చేసినవి అలాగే ఉంటాయి."

తల ఊపాడు. "మా అమ్మ రోజూ మొకానికి పసుపు రాసుకునీది. అందుకే గావాల," అని ఉంగరం కళ్లకి అద్దుకున్నాడు.

నిశ్చితార్థం మర్నాడు ఫోన్ చేశాడు. వాళ్లక్క వచ్చిందట. పెళ్లికూతురి చెయ్యి పట్టుకుని ఉంగరం మీద మొహం ఆనించి ఏడ్చిందట. అక్క మళ్లీ మాట్లాడుతోంది, మీ పుణ్యమే మేడమ్ అన్నాడు. ఆ మాట విన్నాక చెప్పడం ఇంకా కష్టమైపోయింది. కష్టమైందా, లేక చెప్పకపోవడానికి మంచి సాకు దొరికిందా? నాకిప్పటికీ తెలీదు.

అతని భార్య కడుపుతో ఉన్నప్పుడు వేళ్లు వాచి ఉంగరం వదులు చేయించడానికి వచ్చింది. డ్యూటీకి వెళ్లేముందు ఆయన దీన్ని తాకి వెళ్తారండి అంది. ఆ పని అయ్యేదాకా రెండు రోజులు ఉంగరం నా సొరుగులోనే ఉంది. సొరుగు తెరవాల్సి వస్తే అటు చూడకుండా తెరిచాను.

అన్నిటికంటే నీచమైనది మరొకటుంది. ఆ ఉంగరం ఫొటో పెద్దది చేయించి మా షాపు గోడకి తగిలించారు. అదేమిటని అడిగిన ప్రతి కొత్త జంటకీ కొడుకు, తల్లి, సవరం కథంతా నేనే చెబుతాను. బాగా చెబుతాను. వింటూ అమ్మాయిలు కళ్లు తుడుచుకుంటారు. మా షాపుకి పేరొచ్చింది ఆ కథతోనే. అలాంటిదే తమకీ కావాలని అడిగినవాళ్లకి మాత్రం ఇప్పుడు చేయడం లేదని చెప్పి పంపించేస్తాను. అదొక్కటే నాలో మిగిలిన నిజాయితీ అనుకునేదాన్ని. అది నిజాయితీ కాదు, భయం.

మొన్నీమధ్య అప్పలనాయుడు వాళ్లక్క వచ్చింది. ఆనందపురం నుంచి, ఎవర్నీ వెంటపెట్టుకోకుండా. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆ సవరంలో రవ్వంత ఏమైనా మిగిలిందా, నాలుగు వెంట్రుకలైనా సరే, ఆ ల్యాబ్‌వాళ్లని అడిగి తెప్పించగలరా అని అడిగింది. వయసు మీద పడేకొద్దీ అమ్మ మరీ గుర్తొస్తోందంది. నేను ఆవిడ మొహంలోకి చూడలేదు. అంతా రాయిలోకే వెళ్లిపోయిందండి, ఏమీ మిగల్లేదు అన్నాను. ఆవిడకి కోపం రాలేదు. "పోన్లే తల్లీ, అమ్మంతా ఒక్కచోటే ఉన్నాది," అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆవిడ బస్టాపు దాకా వెళ్లేలోగా పరిగెత్తి పట్టుకుని ఉండొచ్చు. పట్టుకోలేదు. చెబితే అక్కాతమ్ముళ్లు మళ్లీ విడిపోతారని, ఆ ఇల్లాలి వేలి మీద ఉన్నది వట్టి రాయైపోతుందని నాకు నేను చెప్పుకున్నాను. అవన్నీ నిజాలే కావచ్చు. కానీ నన్ను కుర్చీలోంచి లేవనివ్వనిది అవి కాదు. వాళ్ల ముందు నేను ఎలా కనిపిస్తానో అన్నదే.

ఆ సవరం చెత్తబండిలో పోయింది. నా వల్లే పోయింది. ఆ రాయిలో వాళ్లమ్మ లేదు. ఇన్నేళ్లలో ఈ మాటలు మొదటిసారి బయటికి వచ్చాయి. వాళ్ల దగ్గర కాదు, మీ దగ్గర. క్షమించమని అడగను, అది మీరు ఇవ్వగలిగింది కాదు. రేపు షాపుకి వెళ్తాను. ఎవరైనా అడిగితే ఏం చెబుతానో నాకు తెలీదు. ఇదంతా రాశాక ఊపిరి కాస్త లోపలికి దిగింది.