తీగకు మూడడుగుల దూరం

ఈ ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు ఎల్.బి.నగర్‌లోని మా వీధిలోకి బోరు బండి వచ్చింది. చూడవచ్చిన వారందరూ నేల మీద సున్నంతో గీసిన నీటి పాయింటు చుట్టూ మూగితే, నేనొక్కణ్ణే తలెత్తి కరెంటు తీగల వైపు చూశాను. ఈ అలవాటు మా పెద్దబావగారి వల్ల అబ్బింది.

కోస్తా నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడి, బోరు బండి నడిపిన మనిషి ఆయన. సెలవు రోజుల్లో నన్ను వెంట తీసుకువెళ్లి, "మా బావమరిది టేపు లేకుండా భోజనానికి కూడా కూర్చోడండి" అని పరిచయం చేసేవారు. అందులో అతిశయోక్తి స్వల్పమే. ఒకసారి తుర్కయంజాల్ దగ్గర ఒక రైతుగారి ప్లాటుకు వెళ్లాం. బండిపై పడుకోబెట్టిన, బోరు వేసేటప్పుడు నిటారుగా లేపే ఉక్కు స్తంభాన్ని నేను కొలిస్తే ఇరవై ఎనిమిది అడుగులు. నీడను బట్టి లెక్కిస్తే పక్కనున్న కరెంటు తీగ ఎత్తు ఇరవై రెండు. పాయింటుకూ తీగకూ అడ్డంగా మూడడుగుల ఎడం. లైన్‌మన్ వచ్చి కరెంటు తీసేదాకా స్తంభం లేపనన్నారు బావగారు. అతడు మధ్యాహ్నం గాని రాడు.

"తీగ మూడడుగుల అవతలున్నది గదా సారూ! గింతదానికి పరేషాన్ ఎందుకు? పదిన్నర దాటితే ముహూర్తం పోతది" అన్నాడు రైతు.

"ముహూర్తం పోనివ్వనండి. కొబ్బరికాయ కొట్టి, గడ్డపారతో తొలి పోటు మీరే వెయ్యండి, బోరు మొదలైనట్టే. స్తంభం మటుకు లేపను. బండి పట్టుకుని నిలబడేది నా నలుగురు మనుషులు."

"గడ్డపారతోటి బోరు ఏసుడు గిప్పుడే చూస్తున్న!" అని ఎత్తిపొడుస్తూనే, పదీ ఇరవైకి రైతు నేలను పొడిచాడు.

మూడింటికి లైన్‌మన్ కరెంటు తీసి, తీగలకు ఎర్తింగ్ తగిలించాడు. స్తంభం లేచింది. అంతలో, ముందురోజు వానకు నానిన మట్టిలో, బండిని నిలబెట్టే జాకీ ఒకటి కుంగింది. బండి ఒరిగి, స్తంభం తీగకు తగిలింది. తీగ ఊగింది, అంతే. నలుగురి చేతులూ బండి మీదే ఉన్నాయి. రైతు చాలాసేపు ఆ చేతుల వంకే చూశాడు.

"దింపుండ్రి సారూ," అన్నాడు చివరికి. "ఇంకోకాడ చూద్దాం. నీళ్లు పడకున్నా మంచిదే."

తరువాత వేసిన బోరులో ఎన్నడుగులకు నీళ్లు పడ్డాయో నేను రాసుకోలేదు. లెక్కల మనిషికి అది లోపమే. ఆనాటి నా డైరీ పుట ఆ నలుగురూ ఇళ్లకు బయలుదేరిన వేళతో ముగుస్తుంది: సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలు. నేను రాసుకున్న వేళల్లో తక్కినవన్నీ గడిచిపోయిన కాలం. అదొక్కటి ఆ నలుగురికీ మిగిలిన కాలం.