స్విచ్చుల ఖుద్దూస్ పెళ్ళి దావత్

ఖుద్దూస్ బతుకులో చాలా తగాదాలు పడ్డాడు. దాదాపు అన్నీ ఓడిపోయాడు. గెలిచింది మాత్రం నా కళ్ళ ముందే జరిగింది, దాంతోనే మొదలుపెడతాను.

ఎల్లారెడ్డి బస్టాండు ఎదురుగా నాకు చాయ్ హోటలు ఉండేది. హోటలంటే నాలుగు తడకలు, రెండు బెంచీలు. అయినా కామారెడ్డి నుంచి వచ్చిన ఏ డ్రైవరూ నా చాయ్ తాగకుండా వెనక్కు మళ్ళేవాడు కాదు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్న మాట చెబుతున్నాను. ఒకరోజు పొద్దున్నే పర్శరాములు జీపు దిగి, బెంచీ మీద కూర్చున్న ఖుద్దూస్ ముందుకొచ్చి నిలబడ్డాడు. పర్శరాములు మెకానిక్. కామారెడ్డిలో పెద్ద రేకుల షెడ్డు, షెడ్డుకు బోర్డు, బోర్డుకు లైటు కూడా ఉండేవి. ఖుద్దూస్‌కు షెడ్డూ లేదు, బోర్డూ లేదు. ఉన్నదల్లా ఒక లూనా బండి, దాని వెనక తాడుతో కట్టిన చెక్కపెట్టె. కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య ఎక్కడ ఏ కారు చాబీ తిప్పినా మూలగకుండా పడుకుంటే, అక్కడికే పోయి చాబీ పెట్టే పాత స్విచ్చు పీకి కొత్తది బిగించి వచ్చేవాడు.

పర్శరాములు కడుపుమంట అదే. తన షెడ్డుకు రావలసిన కార్లు రోడ్డు మీదనే బాగైపోతున్నాయి. కారు మెకానిక్ దగ్గరికి రావాలి గాని, మెకానిక్కే కారు దగ్గరికి పోతే వాడిని మెకానిక్ అనరు, ఇంటింటికీ తిరిగే బిచ్చగాడు అంటారని అందరూ వినేలా అన్నాడు. బెంచీల మీదవాళ్ళు నవ్వారు. ఖుద్దూస్ సాసరులో చాయ్ ఊదుకుంటూ నింపాదిగా తలెత్తాడు.

“అన్నా, నీ షెడ్డుకు నడుసుకుంట వచ్చే కారుకు రోగమేముంటది? స్విచ్చు సచ్చిన కారు నీ తానకు ఎట్ల వస్తది? నొప్పులు వడుతున్న మనిషి మంత్రసాని ఇంటికి నడుస్తదా, మంత్రసానే ఉరుకొస్తదా?”

మళ్ళీ నవ్వారు, కానీ ఈసారి పర్శరాములును చూసి నవ్వారు. అయితే నువ్వు మంత్రసానివా అన్నాడతను, ఏదో గెలిచినట్టు.

“ఔ మల్ల. కాన్పు నేను జేస్త. నువ్వు షెడ్డుల కూసోని తొట్టెల ఊపు.”

అప్పుడే నాగిరెడ్డిపేట బస్సు రావడంతో నవ్వుతున్న వాళ్ళందరూ నవ్వుతూనే ఎక్కి వెళ్ళిపోయారు. పర్శరాములు విసురుగా పోయి జీపులో కూర్చుని చాబీని ఎంత కోపంగా తిప్పాడంటే, అది విరిగి సగం చేతిలో, సగం స్విచ్చులో ఉండిపోయింది. చేతిలో సగాన్ని చూశాడు. నన్ను చూశాడు. తర్వాత చాలాసేపు ఆకాశాన్ని చూశాడు. ఖుద్దూస్ ఇంకో చాయ్ చెప్పాడు. అది తాగి మరోటి చెప్పబోతుంటే నేనే తిట్టి లేపాను. పెట్టె విప్పి కొత్త స్విచ్చు, కొత్త చాబీ పెట్టి ఇచ్చాడు. ఈ సంగతి మూడో మనిషికి తెలియకూడదని పర్శరాములు బతిమాలాడు. మూడో మనిషిని నేనేనని చెప్పాను. అయితే నాలుగో మనిషికి అన్నాడు. ఆ కొత్త స్విచ్చు తానే హైదరాబాదు నుంచి తెచ్చి వేసుకున్నానని కామారెడ్డిలో చెప్పుకున్నాడని తర్వాత విన్నాను.

ఖుద్దూస్ మంచి పనిమంతుడని ఎవరైనా అనుకుంటే అది తప్పు. సగం స్క్రూలు బిగించేవాడు, సగం నా బెంచీ మీద మరిచిపోయేవాడు. వాటిని డబ్బాలో వేసి పెడితే, మంచి స్క్రూలు దొరికాయని నా దగ్గరే తీసుకుపోయేవాడు. వాడికి పేరు వచ్చిన దారి వేరు.

హైదరాబాదులో తుక్కు సామాను అమ్మే చోట వాడికి ఒక గోనెసంచి నిండా కొత్త స్విచ్చులు చవకగా దొరికాయి. ఎందుకు చవక అని వాడు అడగలేదు, నేనైతే అడిగేదాన్ని. అన్నీ ఒకే అచ్చులో పోసినవి. ప్రతి స్విచ్చుకూ చాబీ ఉంది గాని అన్ని చాబీలకూ పళ్ళు ఒకటే. ఆ సంగతి కనిపెట్టేలోపే వాడు రోడ్డు పొడుగునా కార్లకు, ఒక జీపుకు బిగించేశాడు. నాకు తెలిసింది మాత్రం నా హోటలులోనే. ఇద్దరు డ్రైవర్లు చాయ్ తాగుతూ చాబీలు బెంచీ మీద పెట్టి, పోయేటప్పుడు ఒకరిది ఒకరు తీసుకుపోయారు. తిరిగి వస్తారులే అని చూస్తూ కూర్చున్నాను. రెండు కార్లూ బుర్రుమని వెళ్ళిపోయాయి.

ఖుద్దూస్ వచ్చాక నిలదీశాను. వాడు గోళ్ళు చూసుకుంటూ అన్నాడు.

“అవ్వా, గిది దోషం గాదు, సౌలత్. ఒకని చాబీ పోయిందనుకో, పక్కోణ్ణి అడుక్కోని పోవచ్చు.”

అంత సౌకర్యమే అయితే అందరికీ చెప్పమన్నాను. చెప్పలేదు. దాంతో ఇంకో వ్యాపారం మొదలుపెట్టాడు. ఎవరి చాబీ పోయినా ఖుద్దూస్‌కే కబురు వచ్చేది. వాడు పోయి స్టీరింగుకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, పొదుగుతున్న కోడిలా కొంతసేపు గురగురమనేవాడు. తర్వాత లేచి, స్విచ్చు సిగ్గుపడుతున్నదనీ, అందరూ అటు తిరిగి నిలబడాలనీ చెప్పేవాడు. రైసుమిల్లు సీతారాం ఎల్లారెడ్డిలో ఎవరి మాటా వినని మనిషి, ఆయన కూడా గోడ వైపు తిరిగి చేతులు కట్టుకుని నిలబడటం నేను చూశాను. వాళ్ళు తిరగగానే వాడు బనీను లోపలి జేబులోంచి ఒకటే చాబీ తీసేవాడు. కారు స్టార్టయ్యేది. ఖుద్దూస్ అంటే కార్లకు వైద్యం చేసే హకీము అని పేరు పుట్టింది.

ఆ పేరు చూసుకునే తాహేరాను పెళ్ళి అడిగాడు. తాహేరా ఎల్లారెడ్డిలోనే బట్టలు కుట్టేది. వాడి లూనా ఆ వీధిలో ఎందుకు రోజూ చెడిపోతుందో ఊరందరికీ అర్థమయింది, ఆమె తల్లి అజ్మత్ బీకి తప్ప. ఖుద్దూస్‌కు పెద్దలు లేరు. అందుకని వాడి తరఫున నన్నే పంపాడు. అజ్మత్ బీ నేను పట్టుకుపోయిన చాయ్ తాగింది, బాగుందని మాత్రం అనలేదు. షెడ్డు లేని మనిషికి పిల్లను ఎలా ఇవ్వాలని చాలాసేపు సాగదీసి, చివరికి ఒప్పుకుంటూ ఒక మాట అన్నది.

“షెడ్డు లేకున్న పర్వ లేదు, పేరున్నది. పేరు జూసే ఇస్తున్న. ఒక్క మనిషి నా అల్లుణ్ణి దగాకోరు అన్నడంటే, గదే దినం నా బిడ్డను వాపస్ తోలుకపోత.”

ఈ మాట చేరవేసినప్పుడు ఖుద్దూస్ బనీను జేబు మీద చేయి పెట్టుకుని చాలాసేపు తీయలేదు.

పెళ్ళి బస్టాండు పక్కన ఖాళీ జాగాలో టెంటు వేసి పెట్టారు. పగటి పూట దావత్ భోజనాలు. తన గొప్ప అత్తకు కనబడాలని ఖుద్దూస్ స్విచ్చు వేసిన ప్రతి కారాయననూ పిలిచాడు. వాళ్ళూ కారులోనే వచ్చారు, అన్నీ తెల్ల అంబాసిడర్లే. పర్శరాములును పిలవకపోయినా బిర్యానీ వాసనకు జీపులో వచ్చాడు. ఎవరికి ఎక్కడ సందు దొరికితే అక్కడ కారు పెట్టారు. ఒకటి పాన్ డబ్బాకు అడ్డంగా, ఒకటి రోడ్డు పక్క మురుగు మోరీలోకి ముక్కు పెట్టి, పెళ్ళికూతురిని తీసుకుపోయే పూల కారు వాటి మధ్యలో ఇరుక్కుని.

నిఖా అయింది. జనం లోపల భోజనాలకు చేతులు కడుక్కుంటుంటే పెళ్ళికొడుకు మెల్లగా బయటికొచ్చాడు. కార్లు అడ్డదిడ్డంగా ఉండటం వాడికి నచ్చలేదు. చుట్టూ చూసి, షేర్వానీ గుండీలు విప్పి, బనీనులోంచి ఆ చాబీ తీశాడు. ఒక్కొక్క కారునే స్టార్ట్ చేసి, అన్నిటినీ రోడ్డుకు ముఖం పెట్టించి ఒకటే వరుసలో నిలబెట్టాడు. వాడి ముఖం మీద వేలాడే పూల సెహ్రా స్టీరింగుకు చిక్కుకుంటుంటే పక్కకు నెట్టుకుంటూ నడిపాడు. లోపల దావత్ జరుగుతుంటే ఇదేం పనిరా అని కసిరాను.

“మంత్రి కాన్వాయ్ లెక్క లేదా అవ్వా? జెర సూడు, ఎంత ముద్దుగున్నయో.”

ముద్దుగానే ఉన్నాయి. ఆ ముద్దులో పడి, కార్లు జరిపానని ఎవరికీ చెప్పకుండానే లోపలికి పోయాడు.

భోజనాలయ్యాయి. పొట్టలు నిమురుకుంటూ వచ్చినవాళ్ళు, ఎవరు ఏ దిక్కున కారు పెట్టారో ఆ దిక్కున ఉన్న తెల్ల కారు ఎక్కారు. అంత బిర్యానీ తిన్నాక నంబరు పలక ఎవరు చూస్తారు. ఆ రోజుల్లో కారు తలుపులకు తాళాలు వేసే అలవాటూ లేదు. చాబీ పెట్టారు, తిరిగింది, పోయారు.

కాసేపటికి తాహేరాను అప్పగింతలకు బయటికి తెచ్చారు. పద్ధతి ప్రకారం ఏడుస్తూ వచ్చింది. చూస్తే పూల కారు లేదు. ఏడుపు మధ్యలో ఆగిపోయింది. అజ్మత్ బీ అల్లుణ్ణి చూసింది, అల్లుడు నన్ను చూశాడు.

ముందు రైసుమిల్లు సీతారాం తిరిగొచ్చాడు. ఆయన ఎక్కిన కారు డిక్కీలో ఎవరో కొనుక్కున్న మేకపోతు ఉంది. దారి పొడుగునా అది అరుస్తుంటే, ఖుద్దూస్ వేసిన స్విచ్చే అలా అరుస్తున్నదనుకుని మిల్లు దాకా వాడిని తిడుతూ పోయాడట. తర్వాత కాంట్రాక్టర్ అబ్రాహాము పూల కారులో దిగాడు. ఆయనకు చూపు ఆనదు, అద్దాలు పెట్టుకుంటే వయసు తెలుస్తుందని పెట్టుకోడు. లింగంపేట దాకా పోయాడు. దారిలో పిల్లలు వెంట ఉరికారు, ముసలివాళ్ళు చేతులెత్తి దీవించారు. ఎందుకు అనుమానం రాలేదని అడిగితే, ఆయన కొంచెం బాధగానే చెప్పాడు.

“మొన్న మోరీ కట్టిచ్చిన గదా, దానికే మొక్కుతున్నరనుకున్న.”

ఒకరి వెనక ఒకరు అందరూ తిరిగొచ్చారు. ఎవరి కారు వాళ్ళకు దొరికింది. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ సీతారాం తన చాబీని ఎత్తి పట్టుకుని, ఇది పరాయి కారులో ఎలా తిరిగిందని అడిగాడు. అందరూ తమ తమ చాబీలు తీసి చూసుకోసాగారు. అజ్మత్ బీ ముందుకు నడిచి బిడ్డ బట్టలున్న సందూకు పెట్టె పిడి మీద చేయి వేసింది. ఖుద్దూస్ ముఖం షేర్వానీ కంటే తెల్లబడింది.

అప్పటిదాకా టెంటులో ఎముక చీకుతున్న పర్శరాములు లేచాడు. ఎంతైనా మెకానిక్, అతనికి అర్థమైపోయింది. పెళ్ళికొడుకు కంటే సంతోషంగా నడిచి వచ్చి జనం మధ్యలో నిలబడ్డాడు. కామారెడ్డి నుంచి వచ్చిన, అతని షెడ్డుకు కార్లు తెచ్చే గిరాకీలందరూ అక్కడే ఉన్నారు.

“నేను జెప్త, ఇనుండ్రి. గీ ఖుద్దూస్ ఏసిన స్విచ్చులన్నిటికి...”

దావత్‌లో చాయ్ కాస్తున్న నేను గంటె చేతిలో పట్టుకునే ముందుకు పోయాను.

“పర్శరాములూ, జెప్పు. గని జెప్పే ముందు గా చాబీలల్ల ఒకటి నీ జీపుకు వెట్టి తిప్పి సూపెట్టు.”

పర్శరాములు జీపును చూశాడు, తన గిరాకీలను చూశాడు, ఆకాశాన్ని చూశాడు. ఆకాశంలో ఎండ తప్ప ఏమీ లేదు. అదే పట్టుకున్నాడు.

“...అన్నిటికి అసలైన ఇత్తడి. కల్తీ లేని ఇత్తడి ఎండకు సాగుతది. సాగితె లోపట పండ్లు వదులైతయి. గసుంటప్పుడు ఏ చాబీ వెట్టినా తిరుగుతది. సల్లవడంగనే మల్ల సక్కగైతది.”

మరి నిన్న తిరగలేదేమని సీతారాం అడిగాడు. నిన్న ఇంత ఎండ ఉందా అని పర్శరాములు ఎదురడిగాడు. అందరూ చెమటలు తుడుచుకుని లేదని ఒప్పుకున్నారు. ఎండకు తన మోరీ కూడా ఉబ్బిందని అబ్రాహాము సాక్ష్యం పలికాడు. అంత పెద్ద షెడ్డున్న మనిషి చెప్పాక ఇంకెవరు మాట్లాడతారు. అజ్మత్ బీ మాత్రం కల్తీ లేని ఇత్తడేనా అని పర్శరాములును రెండోసారి అడిగి చెప్పించుకుంది. తర్వాత సందూకు మీద నుంచి చేయి తీసి, తన అల్లుడు నాసిరకం సరుకు ముట్టడని పక్కనున్న ఆడవాళ్ళకు చెప్పడం మొదలుపెట్టింది. తాహేరా ఆపిన చోట నుంచి ఏడుపు అందుకుంది. ఖుద్దూస్ పూల కారు తానే నడుపుతానని ఎక్కి, బనీనులో చేయి పెట్టాడు. తాహేరా ముసుగులోంచి ఆ చేతినే చూసింది.

రెండు రోజులకు మొగుడూ పెళ్ళామూ లూనా మీద నా హోటలుకు వచ్చారు. తాహేరా కూర్చుంటూనే నడుము దగ్గరి ముడి విప్పి ఆ చాబీ నాకు చూపించి, మళ్ళీ ముడి వేసుకుంది. ఇకమీదట ఎవరి కారు స్టార్ట్ చేయాలన్నా ముందు తనను అడగాలట. నాకు పిల్ల నచ్చింది.

మొన్న ఎండాకాలంలో సీతారాం మనవడు మిల్లు వెనక పడి ఉన్న అంబాసిడర్‌ను తుక్కువాళ్ళకు అమ్మేశాడు. ఖుద్దూస్ స్విచ్చు ఉన్న కార్లలో అదే చివరిది. నా నోరు ఎలాంటిదో ఎల్లారెడ్డిలో ఎవరిని అడిగినా చెబుతారు, అయినా ఇన్నేళ్ళు ఈ ఒక్క విషయంలో మూసుకునే ఉన్నాను. ఎందుకంటే వాళ్ళిద్దరూ లూనా మీద వచ్చిన ఆ రోజు తాహేరా గ్లాసులు కడగడానికి నాతో పోటీపడి లోపలికి పోగానే, ఖుద్దూస్ బెంచీ మీద ఇటు జరిగి గొంతు తగ్గించాడు.

“అవ్వా, నన్ను రోజు తిట్టినా పడుత. గీ ముచ్చట మటుకు నా స్విచ్చున్న ఆఖరి కారు తుక్కుల పడేదాక ఎవ్వల్కి జెప్పకు. పడ్డంక అందరికి జెప్పు, నా పేరు వెట్టి జెప్పు. గని జెప్పేటప్పుడు చాబీతోని షురూ జెయ్యకు, పర్శరాములన్నను మంత్రసాని మాటతోని గెల్సిన గదా, గక్కడికెళ్ళి షురూ జెయ్యి.”