అత్త కారు, శుక్రవారం చెంబు

మొన్నామధ్య మా అమ్మాయి పాత కారు కొంటానని నన్ను వెంటబెట్టుకుని గాజువాకలో ఒక బ్రోకరు దగ్గరికి తీసుకెళ్ళింది. కారు నీలంగా, పెళ్ళికూతురిలా తయారై నిలబడి ఉంది. అమ్మాయి ముందు సీట్లో కూర్చుని పాటలు వస్తున్నాయో లేదో చూసుకుంటోంది. నేను వెనక తలుపు తీసి, వంగి, కాళ్ళ కింద పరిచిన పట్టా ఎత్తి, అడుగు రేకుని గోరుతో గీకి, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. బ్రోకరుకి నవ్వాగలేదు. “ఏటమ్మా, వాసన సూత్తన్నారు? కారు కొంతన్నారా, సేపలు కొంతన్నారా?” అన్నాడు. “రెండూ ఒకలాగే కొనాల్రా నాయినా” అన్నాను. అతనికి అది ముసలావిడ చాదస్తంలా అనిపించి ఉంటుంది. ఆ మాట నాది కాదు, మా అత్తది. ఆమె సంగతి చెప్పకపోతే నేను పట్టాలెత్తి వాసన చూడటం నిజంగానే చాదస్తం అనిపిస్తుంది.

మా అత్త అంటే మా నాన్నకి స్వయానా అక్క. మేనరికం చేసుకుని ఆ ఇంటికే కోడలిగా వెళ్ళాను. ఫిషింగ్ హార్బరు పక్క పేటలో రెండు గదుల ఇల్లు. పోర్టు మీంచి గాలి ఇటు తిరిగితే ఆరేసిన బట్టల మీద బొగ్గుపొడి, అటు తిరిగితే ఉప్పు. మామ నా పెళ్ళికి ముందే పోయాడు. మా ఆయన వేటకెళితే ఎప్పుడొస్తాడో సముద్రానికే తెలియాలి. అత్త మాత్రం రోజూ తెల్లారకముందే హార్బరులో వేలంపాటకి నిలబడి, చేపలు కొని, బుట్ట నెత్తిన పెట్టుకుని ఉక్కునగరం వెళ్ళేది. అక్కడ స్టీలు ప్లాంటు క్వార్టర్లలో నైటు షిఫ్టు దిగినవాళ్ళు పడుకోబోయే ముందు చేపలు తీసుకునేవారు. కాస్త ఎండెక్కితే అందరూ నిద్రలో ఉంటారు, తలుపు కొట్టినా లేవరు. ఆ కాస్త వ్యవధిలోనే ఆమె బతుకంతా ఉండేది.

తొంభైల మొదట్లో ఒక రోజు బస్సులో బుట్ట నీళ్ళు కారి ఎవరిదో తెల్లప్యాంటు తడిసింది. కండక్టరు దారి మధ్యలో అత్తని దింపేశాడు. ఆమె ఏడవలేదు. దింపేసిన చోటే గోనెపట్టా పరిచి, అరిచి అరిచి బుట్టంతా అమ్మేసి, ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి అంది: “తినీటప్పుడు నేని వాసన మోసీటప్పుడు వొచ్చీసినాదా ఆళ్ళకి? నానూ కారు కొంతాను. అందలో నా సేపలు దర్జాగా కూకుని ఎల్తాయి.” పేటంతా పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతున్న నా వైపు చూసి, “నువ్వే తోలాల” అంది. అప్పుడు నా నవ్వు ఆగిపోయింది. మా నాన్న పోర్టులో లారీ డ్రైవరు. పెళ్ళికి ముందు ఖాళీ యార్డులో సరదాగా నాకు స్టీరింగు నేర్పాడు. ఆ సరదా ఇలా మెడకి చుట్టుకుంటుందని ఎవరనుకున్నారు.

చీటీ పాడి అత్త కొన్న బండి గుండ్రటి ముక్కున్న తెల్ల డీజిలు కారు. మొదట ఎవరో డాక్టరుగారిదట, తర్వాత టాక్సీ, ఆ తర్వాత బ్రోకరుకే గుర్తులేదు. అతను రంగు గురించీ సీట్ల గురించీ చెబుతుంటే అత్త చెవినబెట్టలేదు. చేప మొప్ప ఎత్తినట్టు బానెట్టు ఎత్తించింది. డొక్క నొక్కినట్టు అడుగు రేకుల్ని నొక్కింది. వాసన చూసింది. “కొత్త రంగేసినోడు కుళ్ళు దాసినోడే. రంగు నేని కాడ సూడాల” అని పట్టాలన్నీ ఎత్తించింది. గుడ్డిగా చేసినా మంచి పరీక్షే. అడుగు రేకు గట్టిగా ఉంది, ఇంజను కంఠం బాగుంది. కొనేశాం. వెనక సీటు పీకేసి, దళసరి టార్పాలిను పరిచి, దాని మీద రంపపు పొట్టు పోసి, బుట్టలు పెట్టుకున్నాం. ముందు సీట్లో అత్త, నుదుట రూపాయంత బొట్టు, నోట్లో చుట్ట. కండక్టరు దింపేసిన ఆ చోటు దాటేటప్పుడల్లా నా చెయ్యి పక్కకి తోసి తనే హారను కొట్టేది. ఆ హారను వింటే నాకు ఎక్కడలేని గర్వం వచ్చేది.

పాత కారుతో కాపురమంటే రోజుకో అలక తీర్చడమే. నల్లపొగ కక్కితే గాలి అందట్లేదని అర్థం. గాలి ఫిల్టరు విప్పి, అరుగు మీద కొడితే పోర్టు బొగ్గంతా రాలేది. నీలంపొగ వస్తే ఇంజనాయిలు తాగుతోందన్నమాట. డీజిలు అయిపోయేదాకా తోలామా, ఆనక ఎంత పోసినా గొట్టంలో గాలి చేరి బండి కదలదు. నట్టు వదులు చేసి, చేత్తో పంపు కొట్టి, నురగంతా పోయి డీజిలు ధారకట్టేదాకా ఓపిక పట్టాలి. ఇవన్నీ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నేనే నేర్చుకున్నాను. రోడ్డు మీద నేను బానెట్టులోకి దూరితే ఆగి చూసేవాళ్ళకి కొదవ లేదు. “ఏటి సూత్తన్నావు, సర్కసా? రా, తొయ్యి” అని అత్త వాళ్ళనే పనిలో పెట్టేది.

మా వాళ్ళలో కొత్త పడవ నీళ్ళలోకి దిగేముందు దాని ముక్కుకి పసుపు రాసి, కుంకం పెట్టి, చెంబుడు సముద్రం నీళ్ళు పోస్తారు, ఆ తర్వాత ప్రతి అమావాస్యకీ పోస్తారు. సముద్రాన్ని పడవకి పరిచయం చేయడమన్నమాట. మా అత్తకి కారూ పడవే. అందుకని ప్రతి శుక్రవారం, ప్రతి అమావాస్య వేకువనే ఒడ్డుకెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి, బానెట్టు ఎత్తించి, “పడవకి ముక్కు, దీనికి గుండికాయ” అంటూ నేరుగా ఇంజను మీదే పోసేది. నేను పక్కన నిలబడి దండం పెట్టుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఉన్న ఉప్పుగాలి చాలదన్నట్టు మేం చెంబుతో తెచ్చి మరీ పోశాం.

కొన్నాళ్ళకి బండి మూగబోవడం మొదలుపెట్టింది. తాళం తిప్పితే ‘టక్’మని ఒక్క శబ్దం, అంతే. లైట్లు గుడ్డిగా వెలిగేవి, హారను పిల్లి మూలిగినట్టు మూలిగేది. ఒకాయన బ్యాటరీ పోయిందన్నాడు, మార్చాం. ఇంకొకాయన ఇంజనుని తిప్పి లేపే సెల్ఫు మోటారు పోయిందన్నాడు, విప్పించి కట్టించాం. మరొకాయన డైనమో అన్నాడు. ప్రతి రిపేరు తర్వాతా నాలుగు రోజులు బాగుండి మళ్ళీ అదే మూగనోము. పేటలో ఆడాళ్ళంతా తోస్తే గానీ కదిలేది కాదు. ఉక్కునగరం చేరేసరికి తలుపులు మూసుకుపోయేవి. మెత్తబడిన చేపల్ని ఎండబెట్టుకుని కూర్చునేవాళ్ళం.

అదను చూసి మా పెద్దబావ వచ్చాడు. అంటే మా ఆయనకి అన్న, అత్తకి పెద్దకొడుకు. ఆయన పడవ ఇంజను చెడిపోయి మూలన పడింది. మా కారుదీ డీజిలు ఇంజనే కదా, విప్పి పడవకి బిగించుకుంటే సరిపోతుందని ఆయన లెక్క. “ఆడోల్లకి కారేటమ్మా? ఊరు నవ్వతంది. ఇంజను నాకిచ్చీయి, డొక్కు తుక్కోడికి ఇచ్చీయి” అన్నాడు. అత్త చుట్ట తీసి కింద పెట్టింది. “అమావాస్య దాకా ఆగు. ఆ రోజు పొద్దున్న బండి కదలకపోతే నీ సేతుల్తో నువ్వే ఇంజను పీక్కెల్లు. కదిలిందా, మల్లీ ఈ గుమ్మంలో ఆ మాట ఎత్తకూడదు” అంది. ఇంజను పోతే ఆమె మళ్ళీ బుట్ట నెత్తికెత్తుకుని ఆ బస్సే ఎక్కాలి, ఎక్కనిస్తే.

కంచరపాలెం రైల్వే గేటు దగ్గర ఒక మేస్త్రి ఉండేవాడు. ఆదివారం చర్చి, మిగతా రోజులు రెంచీ. అత్త దగ్గర చేపలు కొనేవాడే. బండి తోసుకుంటూ ఆయన దగ్గరికే తీసుకెళ్ళాం. ఆయన ఏదీ విప్పలేదు. నన్ను లైట్లు వేసి తాళం తిప్పమన్నాడు. లైట్లు చచ్చిపోయాయి. తర్వాత ఒక దళసరి వైరు తెచ్చి, ఒక కొన బ్యాటరీ మైనస్సుకి, ఇంకో కొన ఇంజను ఇనుముకి ఆనించి పట్టుకుని మళ్ళీ తిప్పమన్నాడు. సెల్ఫు గిర్రున తిరిగింది, ఇంజను దడదడమంది! “సూసినావా అప్పా, కరెంటు ఎల్తంది గానీ తిరిగి రానేకపోతంది. దీని ఎర్తు పోనాది” అన్నాడు అత్తతో. ఇంజనుకీ బాడీకీ మధ్య కరెంటు తిరిగొచ్చే రాగి అల్లిక పట్టీ ఒకటి ఉంటుంది. దాని రెండు కొసలా పచ్చగా, తెల్లగా బూజులాంటిది పేరుకుని ఉంది. గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, గ్రీజు రాశాడు. అంతే మందు. వచ్చేటప్పుడు దారిపొడుగునా హారను మోగుతూనే ఉంది.

తర్వాతి వారమే బండి మళ్ళీ మూగబోయింది. అప్పుడు నాకు కోపం వచ్చింది, కారు మీద కాదు, నా బుర్ర మీద. కూర్చుని వెనక్కి లెక్కేసుకున్నాను. బండి ఎప్పుడూ శనివారం బాగానే ఉంటుంది, వారం మొదట్లోనే పడకేస్తుంది. శుక్రవారం ఏం జరుగుతోంది మరి? అప్పుడు తట్టింది. ఆ చెంబు నీళ్ళు సరిగ్గా ఆ పట్టీ మీదికే కారుతున్నాయి.

“అత్తా, బండికి ఉప్పునీల్లే పడ్డం నేదు. పొయ్యడం మానీయాల” అన్నాను. ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. “గంగమ్మ తల్లిని రావొద్దని సెప్పమంతావా? మీ మావ పడవ మీద ఒక్క అమావాస్య నీల్లు తప్పీసినాడు. ఆ యేటకెల్లినోడు మల్లీ రానేదు. నాను తప్పను” అంది. మామ సంగతి ఆమె నోట అలా విన్నది అదే మొదటిసారి. అయినా నేను వెనక్కి తగ్గలేదు, ఆమె మేనకోడలినే కదా. “అలగైతే ఇంజను పెద్దబావకి ఇచ్చీడమే” అనేసి లోపలికి వెళ్ళిపోయాను. ఆ శుక్రవారం కూడా ఆమె చెంబు పట్టుకెళ్ళింది.

అమావాస్య సోమవారం పడింది. పొద్దున్నే తాళం తిప్పాను. టక్. పెద్దబావ గొలుసూ వెదురుబొంగూ రెంచీలూ, పడవ మీద పనిచేసే ఇద్దరు కళాసీలతో సహా సిద్ధంగా ఉన్నాడు. చుట్టూ పేట జనం. అప్పుడే అత్త ఒడ్డు నుంచి నీళ్ళ చెంబుతో వస్తోంది. కారు ముందు కొడుకుని చూసి, దారికి అడ్డంగా నిలబడింది. “పొద్దున్న ఇంకా అయిపోనేదు. ఆగు” అంది. నేను బానెట్టు ఎత్తాను. ఆ పట్టీ ఎక్కడుందో నా చేతులకి తెలుసు. నట్లు విప్పి, రెండు కొసలూ రాగి మెరిసేదాకా రుద్ది, మళ్ళీ బిగించాను. “ఏటి సేత్తన్నావే, అంట్లు తోమతన్నావా?” అని పెద్దబావ నవ్వాడు. “ఔను బావా, నువ్వు సేసీ పని కాదు” అన్నాను. వెళ్ళి తాళం తిప్పాను.

ఇంజను దడదడలాడుతూ లేచింది. జనం ఈలలు వేశారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. బండి ఆపకుండా కిందికి దిగి చూస్తే, అత్త తెరిచిన బానెట్టు ముందు చెంబుతో నిలబడి ఉంది. ఇంజనుని చూసింది, ఎర్రగా మెరుస్తున్న ఆ పట్టీ కొసని చూసింది, సముద్రం వైపు చూసింది. పొయ్యకుండా వెనక్కి వెళ్ళే మనిషి కాదు. పోస్తే ఏమవుతుందో ఆమెకీ అప్పటికి తెలిసిపోయింది. నా దగ్గరికొచ్చి, చెంబు ఎత్తి నీళ్ళన్నీ నా నెత్తిన కుమ్మరించింది.

“అమ్మా!” అని అరిచాను. కళ్ళల్లో ఉప్పు మండుతోంది.

“అరవకు. బండిని తోలీది నువ్వు. తల్లి నిన్ను సూసుకుంతాది, నువ్వు బండిని సూసుకో” అంది. ఆ తర్వాత కొంగుతో నా మొహం తుడుస్తూ నెమ్మదిగా, “నీకు తుప్పట్టదు గదే” అంది.

పెద్దబావ గొలుసు చుట్టుకుని కాసేపు అటూ ఇటూ చూశాడు. తర్వాత, హార్బరు గేటు దాకా దింపమని తల్లినే అడిగాడు. “ఎక్కు. బుట్టల కాడ కూకో” అంది అత్త. ఆయన రంపపు పొట్టులో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. తడిసిన చీరతోనే బండి తోలాను. ఆ రోజు ఉక్కునగరంలో ఒక్క తలుపూ మా మొహాన మూసుకోలేదు. అప్పట్నుంచి రెండువేల సంవత్సరం దాటాక కూడా, ఆమెకి నడుము వంగి ఇక చేపలకి రాలేనన్న రోజు దాకా, ప్రతి శుక్రవారం నేను తలంటుకున్నట్టే లెక్క. ఇరుగుపొరుగు నవ్వేవారు. నవ్వనీ అనుకున్నాను. ఆ పట్టీ మళ్ళీ పచ్చబడలేదు.

గాజువాకలోని ఆ నీలం కారు అడుగున ఉప్పు లేదు. కొనమన్నాను. వచ్చిన శుక్రవారం ఒడ్డుకెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చాను. అమ్మాయి గబగబా బానెట్టు తియ్యబోయింది. “దానికి కాదు, నీకే. వంగు” అన్నాను. మా అత్త పోయింది, ఆ తెల్లకారు ఎప్పుడో తుక్కులో కలిసిపోయింది, పెద్దబావ పడవా లేదు. ఇన్నేళ్ళుగా కాలం నా నెత్తిన కూడా చెంబులకి చెంబులు కుమ్మరిస్తూనే ఉంది. నాకింకా తుప్పు పట్టలేదు.