మొదటి భుజం

డిండోలిలో మా మగ్గాల వాళ్ల గల్లీలో ఎవరు పోయినా, పాడెకు మొదటి భుజం మా ముసలి కార్పొరేటర్‌దే. "జర జరుగుండ్రి, నాకు ఓటేసిన మనిషి" అంటూ ముందుకొచ్చేవాడు.

కరోనా కాలంలో వచ్చిన ఎన్నికల్లో, వయసు మీరిందని పార్టీ ఆయనకు టికెట్ ఇవ్వలేదు. పదవికి వయసు హద్దు ఉండాలనే నేను ఇప్పటికీ అంటాను.

కానీ రెండో వేవ్‌లో మా నాయన గుండె ఆగి పోతే, భయంతో ఎవరూ గడప తొక్కలేదు. కొత్తగా గెలిచిన కుర్రాడు ఫోనెత్తలేదు. ముసలాయన వచ్చాడు.

"కాకా, ఇప్పుడు నీకు పదవి లేదు గదా, ఎందుకొచ్చినవ్?" అని ఏడ్చాను.

"ఓటైతే ఏసిండు గద బిడ్డా. పట్టు."

నెల తిరక్కుండానే కరోనాతో ఆయనా పోయాడు. ఆయన శవాన్ని శ్మశానానికి తీసుకెళ్లే ఆసుపత్రి బండి మా గల్లీ మీదుగా వస్తుందని అందరం భుజాన తువ్వాళ్లు వేసుకుని నిలబడ్డాం.

బండి ఆగలేదు.