మేనమామ పెట్టాల్సిన ఈకలు

కౌపా కుదురుగా కూర్చోలేని మనిషి. పక్షుల్ని చూపించి బతికేవాడికి అదేం రోగమో గాని, పాపువా కొండల్లో తమ తెగ కాచుకునే ఆ చిన్న వానాడవిలో, ఆకుల గుడిసెలో విదేశీ అతిథులు ఊపిరి బిగబట్టి కూర్చుంటే, తను మాత్రం వక్క నములుతూ మోకాలు ఆడిస్తూనే ఉంటాడు. ఆ గుడిసెను తండ్రి వేటకే కట్టాడు. ఎదుటి చెట్టు మీద మగ స్వర్గపక్షి ఎర్రని ఈకలు విప్పి ఆడుతూ తల వంచగానే బాణం వదలాలని నేర్పాడు. ఇప్పుడదే క్షణానికి కౌపా "ఇప్పుడు!" అని గుసగుసలాడతాడు. కెమెరాలు టకటకమంటాయి.

ఆ వారం మాత్రం అతనికి కాలు నిలవలేదు. చెల్లెలు అగ్నెస్ కొడుకు గాండే గోరోకా ఊళ్ళో తెగలన్నీ కూడి నాట్యమాడే పండగలో మొదటిసారి ఆడబోతున్నాడు. తలకు ఈకలు పెట్టాల్సింది మేనమామే.

"ఏం అన్నా, నీ పిట్టలు తెల్లోళ్ళకేనా? నా కొడుకు ఒట్టి తలతో ఆడాలా?" అంది అగ్నెస్, చిలగడదుంపల పొట్టు తీస్తూ.

"తెస్తాన్లేవే, ప్రాణం తియ్యకు!"

ఇంట్లో వెదురుగొట్టంలో తండ్రి ఈకలున్నాయి. ఏటా అవి పెట్టుకుని వరసలో ముందు నిలబడతాడు కౌపా. ఈకలు లేనివాడికి ఆటలో చోటు లేదు. వాటినివ్వడానికి మనసొప్పలేదు.

మర్నాడు అతిథులు వెళ్ళిపోయాక గుడిసె కప్పులోంచి విల్లు తీశాడు. ఆ చెట్టుకి మిగిలింది ఒక్క మగదే. అది పోతే ఆడపక్షులు రావు, అతిథులూ రారు. అన్నీ తెలుసు. తెలిసే బాణం సంధించాడు.

పక్షి వచ్చింది, ఈకలు విప్పింది. కౌపా మోకాలు మొదటిసారి ఆగింది. పక్షి తల వంచింది.

"ఇప్పుడు!" అన్నాడు కౌపా, నిండు గొంతుతో.

పక్షి తుర్రుమంది. బాణం చేతిలోనే ఉంది.

"నా నోరు పడిపోను!" అని తిట్టుకున్నాడు. ఆపుకోలేక నవ్వాడు. ఆ పైన ఏడుపొచ్చింది. ఇంటికెళ్ళి వెదురుగొట్టం దించాడు.

పండగనాడు గాండే తల మీద తాత ఈకలు ఎర్రగా ఊగాయి. కౌపా ఒట్టి తలతో, చూడవచ్చిన ఆడవాళ్ళ మధ్య నిలబడ్డాడు.

"నీకేవి మరి?" అంది అగ్నెస్, ఈసారి ఎత్తిపొడుపు లేకుండా.

"నన్ను చూడనివ్వవే."

డోళ్ళు మోగుతున్నాయి. కౌపా మోకాలు ఆగడం లేదు. వరస ముందు గాండే తల వంచాడు.

"ఇప్పుడు," అన్నాడు కౌపా, ఎవరికీ వినపడకుండా.